గలాటా అయిన మర్నాడు ఏం జరిగింది? ప్రేమ పుస్తకాల్లో ఏది ఎవరికి

మా అక్క కూతురికి మాఘమాసంలో పెళ్లి. తాంబూలాలు పుచ్చుకున్న వారానికే మా ఇంటికి వచ్చి కూర్చుని, "చిన్నమ్మా, పెళ్లికి ముందు నేను చదవాల్సిన పుస్తకం ఒక్కటి చెప్పు, లిస్టు వద్దు, ఒక్కటే" అని అడిగింది. నేను పద్దెనిమిదేళ్లుగా తిరుపతి నుంచి చిత్తూరుకు బస్సులో ఉద్యోగానికి పోయి వస్తున్నాను, ఆ బస్సులోనే ప్రేమ నవలలూ కాపురాల గురించిన సలహా పుస్తకాలూ చదువుతాను, చంద్రగిరి దగ్గర తెరిస్తే పూతలపట్టు వచ్చేదాకా తల ఎత్తను. అయినా ఆ పిల్లకు అప్పటికప్పుడు ఒక్క పేరు చెప్పలేకపోయాను. మంచి పుస్తకాలు లేక కాదు. పుస్తకం ఎంత గొప్పదైనా, చదివే మనిషి ఇప్పుడు ఏ స్థితిలో ఉందో చూడకుండా చేతిలో పెడితే మేలు కంటే చెరుపే ఎక్కువ చేస్తుందని నాకు అనుభవం. అందుకే ఆ రోజు నోటికి రానిదంతా ఇప్పుడు తీరిగ్గా రాస్తున్నాను. ఇందులో మీకు ఇష్టమైన పుస్తకాన్ని నేను తక్కువ చేసి ఉండొచ్చు, కానీ చదవకుండా మాత్రం దేని గురించీ చెప్పలేదు.

నా దగ్గర ఒక కొలత ఉంది. ఈ పుస్తకంలో ఇద్దరికీ గలాటా అయితే మర్నాడు పొద్దున వాళ్లు ఏం చేశారు? అంతే.

ఈ కొలత ఎక్కడినుంచి వచ్చిందో చెప్తాను. మా పెళ్లయిన మొదటి దీపావళికి, నేను మా అమ్మకు డబ్బు పంపిన విషయం మీద ఇంట్లో పెద్ద మాటలే నడిచాయి. తర్వాత నాలుగు రోజులు ఆయన మాట్లాడలేదు, నేనూ మాట్లాడలేదు, కంచం పెట్టడం, కంచం తీయడం, అంతే. అప్పటికి నేను అద్దె లైబ్రరీ నుంచి తెచ్చుకుని చదివిన నవలలు వందకు తక్కువ ఉండవు. ఐదో రోజు పొద్దున కాఫీ గ్లాసు చేతికిస్తూ మొదటి మాట ఏం మాట్లాడాలో వాటిలో ఒక్కటీ నాకు నేర్పలేదు. చాలా నవలలు తాళి కట్టిన పేజీతో అయిపోతాయి. మిగిలినవాటిలో గొడవ అయితే వెంటనే వాన వస్తుంది, లేదా ఎవరో ఒకరికి యాక్సిడెంట్ అవుతుంది, ఆసుపత్రి మంచం దగ్గర ఇద్దరూ కళ్లనీళ్లు పెట్టుకుని కలిసిపోతారు. యాక్సిడెంటూ ఆసుపత్రీ లేకుండా మామూలు బుధవారం పొద్దున ఇద్దరు మనుషులు ఎలా కలుస్తారో రాసిన పుస్తకం కోసం నేను అప్పటినుంచీ వెతుకుతున్నాను.

ఎవరైనా ముందు అడిగేది యద్దనపూడి చదవాలా, యండమూరి చదవాలా అని. సరే, అక్కడినుంచే మొదలుపెడతాను.

యద్దనపూడి సులోచనారాణి 'సెక్రటరీ' 1960లలో జ్యోతి మాసపత్రికలో సీరియల్‌గా వచ్చింది, 1976లో సినిమా కూడా అయింది. మా అమ్మ చదివింది, నేను చదివాను, మా అక్క కూతురూ చదివింది, ముగ్గురమూ అందులో హీరో రాజశేఖరం గురించి ఒకటే మాట్లాడుకున్నాం. అయితే నలభై దాటాక మళ్లీ చదివితే నాకు రాజశేఖరం కంటే జయంతి నచ్చింది. ఉద్యోగం చేసుకుని బతికే పిల్ల, ఎవరి ముందూ తల వంచని పిల్ల, ఆ రోజుల్లో మధ్యతరగతి ఆడపిల్లలకు అలాంటి కథానాయికను చూడటమే ఎంత ధైర్యం ఇచ్చి ఉంటుందో. ఆ మేలు నేను మర్చిపోను. కానీ నా కొలత పెడితే ఈ నవల నిలబడదు. జయంతికీ రాజశేఖరానికీ మధ్య వచ్చే చిక్కుల్లో సగానికి పైగా, ఒకరు సూటిగా ఒక ప్రశ్న అడిగి రెండోవాళ్లు సూటిగా జవాబు చెప్పి ఉంటే ఆ పూటకే తీరిపోయేవి. అడగరు. అభిమానం అడ్డం వస్తుంది. మనం నోరు విప్పకుండా లోపల కుమిలిపోతుంటే అవతలి మనిషి దాన్ని పసిగట్టి వచ్చి దగ్గరికి తీసుకుంటాడన్న నమ్మకం నాకు ఇలాంటి నవలల నుంచే పట్టుకుంది, దాన్ని వదిలించుకోవడానికి నాకు పదేళ్లు పట్టింది. నిజం కాపురంలో అవతలి మనిషికి మన మౌనం అర్థం కాదు, ఆయన నిద్రపోతాడు.

యండమూరి వీరేంద్రనాథ్ 'వెన్నెల్లో ఆడపిల్ల' దారి వేరు. రేవంత్ అనే చదరంగం ఆటగాడికి ముక్కూమొహం తెలియని ఒక అమ్మాయి ఫోన్ చేస్తుంది, తనను కనుక్కోమని చిక్కుప్రశ్నలు వేస్తుంది, అతను ఆ గొంతు వెంట పడిపోతాడు. కన్నడంలో ఇదే కథ 1995లో సినిమాగా వచ్చింది. తిరుపతిలో సాయంత్రం రైలెక్కి పొద్దున హైదరాబాదులో దిగేలోపు చదవడానికి ఇంతకన్నా ఊపిరి బిగబట్టించే ప్రేమ నవల తెలుగులో నేను చూడలేదు. ముగింపు చెప్పను, చదవనివాళ్లు ఇంకా ఉన్నారు. అయితే ఇందులో ప్రేమంతా వెతుకులాటలోనే ఉంది. ఇద్దరూ ఒక ఇంట్లో ఉండి ఎవరు ముందు స్నానం చేయాలన్న విషయం దగ్గర కూడా విసుక్కునే రోజు ఒక్కటీ రాదు. నంబర్ తెలియని అమ్మాయి కోసం మనసు కొట్టుకోవడం ఎంత బాగుంటుందో రాశారు, నంబర్ తెలిశాక ఏమిటన్నది ఆ పుస్తకం పని కాదు. కాబట్టి ఈ రెండింటిలో ఒకటి అంటే, ఇరవై ఏళ్ల లోపు వాళ్లు వెన్నెల్లో ఆడపిల్ల చదవండి, హాయిగా ఏడవండి. పాతికేళ్లు దాటి సంబంధాలు చూస్తున్నవాళ్లు సెక్రటరీ తీసుకోండి, కాకపోతే ప్రతి అపార్థం దగ్గరా ఆగి, 'ఇక్కడ నేనైతే ఏం అడిగేదాన్ని' అని ఒక్క క్షణం ఆలోచించుకోండి. అలా చదివితే అది వేరే పుస్తకం అయిపోతుంది.

ఫోన్‌లో యాప్‌లలో వచ్చే సీరియల్ ప్రేమకథల గురించి రెండు మాటలు. మా ఆఫీసులో సగం మంది ఆడవాళ్లు మధ్యాహ్నం అన్నం తింటూ అవే చదువుతారు, నేనూ చాలా చదివాను, వాటిలో మంచి చేయి ఉన్న రచయిత్రులు నిజంగా ఉన్నారు. కానీ ఒక రకం ఉంది: డబ్బున్న హీరో, పంతం కొద్దీ బలవంతంగా తాళి కడతాడు, ముప్పై భాగాలు ఆ పిల్లను మాటలతో పొడుస్తాడు, తర్వాత అతని చిన్ననాటి బాధ ఒకటి బయటపడుతుంది, ఆ పిల్ల అన్నీ క్షమించేస్తుంది. ఈ రకం మాత్రం పెళ్లికాని పిల్లలు చదవొద్దని నేను గట్టిగా చెప్తాను. బాధపడ్డవాడికి బాధపెట్టే హక్కు వస్తుందన్న ఆలోచన రోజుకో భాగం చొప్పున లోపలికి దిగితే, రేపు నిజంగా అలాంటివాడు ఎదురైనప్పుడు గుర్తుపట్టే కన్ను పోతుంది.

ఇక మైదానం. చలం ఆ నవల రాసి దాదాపు వందేళ్లు, ఇప్పటికీ 'ప్రేమ అంటే ఏంటి' అని ఎవరు అడిగినా ఎవరో ఒకరు ఈ పేరు చెప్తారు. మన ఊరి నుంచి చిత్తూరు, వేలూరు దాటి అరుణాచలం పోయే దారిలో నాకు ప్రతిసారీ ఈ పుస్తకం గుర్తొస్తుంది, ఎందుకంటే చలం 1950లో అక్కడికే వెళ్లిపోయి 1979లో పోయేదాకా అక్కడే ఉన్నారు. ప్లీడరు భార్య రాజేశ్వరి అమీర్‌తో వెళ్లిపోతుంది. ఒక ఆడమనిషి తన కోరికను తన నోటితో, సిగ్గుపడకుండా, అంత అందమైన తెలుగులో చెప్పుకోవడం చదువుతుంటే ఒళ్లు జలదరిస్తుంది, అది ఒప్పుకుంటాను. అయితే స్వేచ్ఛా ప్రేమకు ఇదే గీటురాయి అని చేతిలో పెట్టేవాళ్లు రెండో సగాన్ని సరిగ్గా చదవలేదేమోనని నా అనుమానం. రాజేశ్వరి కడుపుతో ఉందని తెలిసినప్పుడు అమీర్ ఎలా ప్రవర్తించాడు? ఆ బిడ్డ తనకు వద్దంటాడు, ఆమెను వదిలి పోతాడు. అన్నీ వదిలేసుకుని వచ్చిన మనిషికి గలాటా అయితే పోవడానికి ఇంకో చోటు లేదు. చలం ఆ నిజాన్ని దాచలేదు, దాచింది మనమే. భాష కోసం, ధైర్యం కోసం చదవండి, పారిపోదామని సగం నిర్ణయించుకున్న పిల్లకు మాత్రం ఈ పుస్తకం ఇవ్వకండి.

ఆ పిల్లకు ఓల్గా 'స్వేచ్ఛ' ఇవ్వండి. 1987 నవల. అరుణ పుట్టింటి కట్టుబాట్ల నుంచి బయటపడదామని ప్రేమించిన ప్రకాశాన్ని పెళ్లి చేసుకుంటుంది, అతను కొట్టేవాడూ తిట్టేవాడూ కాదు, అక్కడే ఉంది ఈ పుస్తకం బలం. చెడ్డవాడైతే వదిలేయడం సులువు. మంచివాడే, కానీ నువ్వు మీటింగుకు ఎందుకు పోవాలి, నీకు ఇంట్లో ఏం తక్కువ అని నిజంగానే అర్థంకాక అడిగేవాడితో ఏం చేయాలి? మైదానంలో ఉన్న తళుకు ఇందులో లేదు, కొన్నిచోట్ల ఉపన్యాసంలా కూడా అనిపిస్తుంది. అయినా ఉద్యోగం చేస్తున్న ఆడపిల్లకు పెళ్లికి ముందు ఈ రెండింటిలో ఒకటే ఇవ్వగలిగితే నేను స్వేచ్ఛ ఇస్తాను, పెళ్లికొడుకుతో ముందే మాట్లాడుకోవాల్సిన విషయాలు ఏవో అందులో కనిపిస్తాయి.

రంగనాయకమ్మ 'స్వీట్ హోం' దగ్గర నేను కొంచెం ఎక్కువసేపు ఆగుతాను, ఏమీ అనుకోకండి. విమల, బుచ్చిబాబు, కొత్త కాపురం. బుచ్చిబాబు మొగుడినన్న అధికారం చూపించబోతాడు, విమల ఊరుకోదు, 'ఎందుకు' అని అడుగుతుంది. అతని దగ్గర జవాబు ఉండదు. మళ్లీ ఇంకోటి మొదలవుతుంది. ఇంతే కథ అంటే ఇంతే. కానీ తెలుగులో నేను చదివిన ప్రేమ నవలలన్నిటిలో నా కొలతకు నిలబడింది ఇదే, ఎందుకంటే ఇందులో గలాటా అయ్యాక ఇద్దరూ మళ్లీ మాట్లాడుకుంటారు. ఒకరి మీద ఒకరికి ఇష్టం ఉంది కాబట్టి గొడవ పెట్టుకోవడానికి భయపడరు. మొదటిసారి చదివినప్పుడు నేను బస్సులో ఎంత నవ్వానంటే పక్కన కూర్చున్న పెద్దావిడ "ఏం మే, అంత నవ్వొచ్చే కథ ఏముంది అందులో, నాకూ చెప్పు" అని అడిగింది, కాణిపాకం మలుపు వచ్చేదాకా ఆమెకు గట్టిగా చదివి వినిపించాను. ఆమె వినేసి, "మా ఆయన ఉన్నప్పుడు నేను ఒక్క రోజు కూడా ఎందుకని అడగలేదు" అంది. అంతకుమించి ఏమీ అనలేదు. నేను ఆ తర్వాత ఆ పుస్తకాన్ని హాస్య నవల అని ఎవరికీ చెప్పలేదు.

దీనికి లోపాలు లేవని కాదు. విమల కొన్నిసార్లు మరీ అన్నీ తెలిసిన మనిషిలా మాట్లాడుతుంది, బుచ్చిబాబు మరీ దద్దమ్మలా కనిపిస్తాడు, అందుకే మగవాళ్లకు ఇస్తే మొదటి యాభై పేజీల్లో చిరాకుపడి పక్కన పెట్టే అవకాశం ఉంది. అదే రచయిత్రి 'జానకి విముక్తి' కూడా చాలామంది చెప్తారు. అది కాపురంలో ఇప్పటికే నలిగిపోతున్నవాళ్ల కోసం రాసిన పుస్తకం, మార్క్సిజం చర్చలు చాలా పేజీలు నడుస్తాయి, ఓపిక ఉండాలి. కొత్త పెళ్లికూతురికి అది కానుక కాదు.

మన చిత్తూరు జిల్లా నుంచి ఒకటి చెప్పకపోతే నాకు తృప్తి ఉండదు. డాక్టర్ కేశవరెడ్డి మన జిల్లా మనిషే, నిజామాబాద్ జిల్లా డిచ్‌పల్లిలో కుష్ఠురోగులకు వైద్యం చేస్తూ బతికారు, 2015లో పోయారు. ఆయన 'మునెమ్మ' 2008లో వచ్చింది. మొగుడు మునెమ్మను కొడతాడు, కొట్టి ఎద్దును అమ్మడానికి సంతకు పోతాడు, తిరిగి రాడు. ఆమె అతన్ని వెతుక్కుంటూ బయల్దేరుతుంది. గలాటా అయిన మర్నాడు ఏం జరిగిందన్న నా ప్రశ్నకు ఇంత కలవరపెట్టే జవాబు ఇచ్చిన పుస్తకం ఇంకోటి లేదు. కొట్టినవాడి కోసం ఎందుకు పోతోంది? ప్రేమా, పంతమా, ధర్మమా? నేను మూడుసార్లు చదివాను, మూడుసార్లూ వేరే జవాబు వచ్చింది. పుస్తకం వచ్చినప్పుడు దీని మీద గట్టి వాదాలే నడిచాయి, ఆడదాన్ని సరిగ్గా చూపించలేదన్నవాళ్లూ ఉన్నారు, ఇంత బలమైన ఆడమనిషి ఎక్కడుందన్నవాళ్లూ ఉన్నారు. మన యాస, మన దారులు, మన సంతలు కళ్లముందు కనిపిస్తాయి. కానీ ఇది పదేళ్లు కాపురం చేశాక చదవాల్సింది, ముందు చదివితే తప్పుగా అర్థమయ్యే ప్రమాదం ఉంది.

ఇంగ్లీషు నవలలు చదివే పిల్లలు ఈమధ్య నన్ను ఎక్కువ అడిగేది కొలీన్ హూవర్ 'ఇట్ ఎండ్స్ విత్ అస్' గురించి. 2016 పుస్తకం, 2024లో సినిమా వచ్చాక మన యూనివర్సిటీ పిల్లల చేతుల్లో మళ్లీ కనిపించింది. అట్ట చూసి తియ్యటి ప్రేమకథ అనుకుని కొంటారు. కాదు. లిలీ అనే అమ్మాయి చదువుకున్న, అందమైన, ప్రేమించే డాక్టరును చేసుకుంటుంది, అతను ఒకసారి చేయి చేసుకుంటాడు, మర్నాడు కాళ్లావేళ్లా పడతాడు. మళ్లీ అదే. మర్నాటి క్షమాపణ ఎంత నిజంగా ఉన్నా అది చాలదని ఈ పుస్తకం చెప్పినంత స్పష్టంగా నా చిన్నప్పటి నవలలు చెప్పలేదు, అందుకే రాసిన తీరు నాకు అంతగా నచ్చకపోయినా ఇవ్వమనే అంటాను. ఇంట్లో అమ్మ దెబ్బలు తినడం చూసి పెరిగిన పిల్లకు ఇచ్చేటప్పుడు మాత్రం ముందే చెప్పి ఇవ్వండి, హఠాత్తుగా తగిలితే తట్టుకోవడం కష్టం.

దాని పక్కన జేన్ ఆస్టెన్ 'ప్రైడ్ అండ్ ప్రెజుడిస్' పెట్టి చూడండి. 1813 నాటి పుస్తకం, ఇంగ్లండు పల్లెటూరు, అయినా ఐదుగురు ఆడపిల్లలకు సంబంధాలు కుదరాలని తల్లి పడే ఆరాటం చూస్తే మన పుత్తూరులోనో పలమనేరులోనో జరుగుతున్నట్టు ఉంటుంది. ఆ ఐదుగురిలో ఒకరైన ఎలిజబెత్‌ను డార్సీ అనే అతను తనను చేసుకోమని అడుగుతాడు, అడగడంలోనే ఆమె కుటుంబాన్ని తక్కువ చేస్తాడు, ఆమె మొహం మీదే కాదంటుంది, ఇద్దరూ ఒకరినొకరు కడిగేసుకుంటారు. మర్నాడు పొద్దున అతను ఒక ఉత్తరం తెచ్చి ఆమె చేతికిచ్చి వెళ్లిపోతాడు. బతిమాలడు, బెదిరించడు. నువ్వు నా మీద వేసిన నిందల్లో ఇది నిజం, ఇది కాదు, కారణం ఇదీ అని రాస్తాడు. ఆమె ఆ ఉత్తరాన్ని మళ్లీ మళ్లీ చదివి తన పొరపాటు తను చూసుకుంటుంది. ఇన్నేళ్లుగా నేను వెతుకుతున్న మర్నాడు రెండు వందల ఏళ్ల కిందటే ఒకావిడ రాసిపెట్టిందని తెలిసినప్పుడు నాకు ఎంత సంతోషం వేసిందో చెప్పలేను. పెళ్లిచూపులు నడుస్తున్నవాళ్లకు, ఒకసారి చూసి మనిషిని అంచనా వేసేస్తున్నవాళ్లకు, నా మొదటి ఓటు దీనికే. పాత ఇంగ్లీషు కాబట్టి మొదటి యాభై పేజీలు కాస్త ఓర్చుకోవాలి.

ఇక సలహా పుస్తకాలు. నవలలా, ఇవా అని అడిగితే నా అభిప్రాయం సూటిగా చెప్తాను: పెళ్లికి ముందు నవలలు, పెళ్లయ్యాక సలహా పుస్తకాలు. పెళ్లికి ముందు సలహా పుస్తకం చదివితే అంతా తెలిసిపోయినట్టు అనిపిస్తుంది, పోల్చుకోవడానికి చేతిలో అనుభవం ఉండదు. ఇంకోటి, ఇంట్లో ఒక్కరే చదివితే అది రెండోవాళ్లను కొట్టడానికి కర్ర అవుతుంది, నేను అలా వాడాను కాబట్టి చెప్తున్నాను.

ఎక్కువమంది కొనేది గ్యారీ చాప్‌మన్ 'ది ఫైవ్ లవ్ లాంగ్వేజెస్'. 1992లో వచ్చింది, రాసింది ఒక చర్చి పాస్టర్. మెచ్చుకోలు మాట, కలిసి గడిపే సమయం, కానుకలు, చేసిపెట్టే పనులు, స్పర్శ, ఈ ఐదింటిలో ఒక్కో మనిషికి ఒక్కోటి ప్రేమ భాష అంటాడు. మా ఆయన ఇరవై ఏళ్లలో 'నువ్వంటే ఇష్టం' అన్నది వేళ్ల మీద లెక్కపెట్టొచ్చు, కానీ నాకు నైట్ షిఫ్ట్ పడిన రోజుల్లో అర్ధరాత్రి బస్టాండులో బండి వేసుకుని నిలబడి ఉండని రోజు లేదు. అది కూడా ప్రేమ చెప్పడమేనని ఈ పుస్తకం చదివాకే నాకు తట్టింది, ఆ ఒక్క మేలుకు నేను దీనికి రుణపడి ఉన్నాను. అయితే దీన్ని శాస్త్రం అనుకోకండి. ప్రతి మనిషికీ ఒకే ఒక్క ప్రధాన భాష ఉంటుందనడానికి గట్టి ఆధారం లేదని 2024లో మనస్తత్వ శాస్త్ర పరిశోధకులు రాశారు, నాకూ అలాగే అనిపిస్తుంది, జ్వరం వచ్చిన రోజు నాకు కావాల్సింది వేరు, ప్రమోషన్ వచ్చిన రోజు వేరు. ఒక వారాంతంలో చదివేసి, ఒక్క విషయం పట్టుకుని, పక్కన పెట్టేయండి.

జాన్ గాట్‌మన్ 'ది సెవెన్ ప్రిన్సిపుల్స్ ఫర్ మేకింగ్ మ్యారేజ్ వర్క్' అలా కాదు. ఇది 1999 పుస్తకం. ఆయన వాషింగ్టన్ యూనివర్సిటీలో భార్యాభర్తలను కూర్చోబెట్టి, వాళ్లు వాదించుకుంటుంటే వీడియో తీసి, గుండె ఎంత వేగంగా కొట్టుకుంటుందో కూడా కొలిచి, తర్వాత కొన్నేళ్లకు వాళ్ల కాపురం ఏమైందో చూశాడు. విడిపోయే జంటల మాటల్లో నాలుగు కనిపించాయంటాడు: మనిషినే తప్పుపట్టడం, చులకన చేయడం, తప్పంతా నీదేనని ఎదురు తిరగడం, గోడలా మూసుకుపోవడం. వీటిలో చులకన అన్నిటికన్నా విషం. ఆ నాలుగోది చదివినప్పుడు మా దీపావళి నాలుగు రోజులు గుర్తొచ్చి పుస్తకం మూసేసి కిటికీలోంచి చూస్తూ కూర్చున్నాను. గోడలా ఉండేవాళ్లు చాలాసార్లు పట్టనితనంతో కాదు, లోపల గుండె దడదడలాడిపోయి మాట రాక అలా ఉంటారట. కనీసం ఇరవై నిమిషాలు విడిగా ఉండి, ఒళ్లు చల్లబడ్డాక మళ్లీ కూర్చోమంటాడు. ఇరవై నిమిషాలు, నాలుగు రోజులు కాదు.

ఇందులో నాకు ఇంకా ముఖ్యమైనవి రెండున్నాయి. ఒకటి, భార్యాభర్తల తగాదాల్లో 69 శాతం ఎప్పటికీ పూర్తిగా తీరేవి కావంటాడు, తీరకపోయినా వాటితో నవ్వుతూ బతకడం సంతోషంగా ఉన్న జంటలకు తెలుసు. మా ఇంట్లో డబ్బు విషయం ఇంకా అలాగే ఉంది, దాన్ని తీర్చాలన్న టెన్షన్ పోయింది, అంతే. రెండోది, గొడవ ముదరకుండా ఒకరు చేసే చిన్న ప్రయత్నం, ఒక చిన్న నవ్వు, 'సరే మళ్లీ మొదలుపెడదాం' అన్న మాట, దాన్ని రెండోవాళ్లు అందుకుంటున్నారా లేదా అన్నదే కాపురాన్ని నిలబెడుతుందంటాడు. నా కొలతకు ఆయన పేరు పెట్టి, లెక్క కట్టి చూపించినట్టు అనిపించింది. అమెరికా పుస్తకం కదా, మన ఉమ్మడి ఇళ్లకు ఏం పనికొస్తుందని అడిగేవాళ్లు అత్తామామల గురించి రాసిన చోటు చదవండి. తల్లికీ భార్యకూ మధ్య ఇరుక్కున్న మగవాడు భార్య పక్కన నిలబడాలని మొహమాటం లేకుండా రాశాడు. మన అత్తగార్లకు నచ్చదు. తల్లిని నొప్పించకుండా అది ఎలా చేయాలో మాత్రం మనమే వెతుక్కోవాలి, ఆ ఓర్పు ఆయన పుస్తకంలో తక్కువే.

మిగతావి త్వరగా చెప్పేస్తాను. జాన్ గ్రే 'మెన్ ఆర్ ఫ్రమ్ మార్స్, విమెన్ ఆర్ ఫ్రమ్ వీనస్', ఇదీ 1992దే, మగవాళ్లంతా ఒక రకం ఆడవాళ్లంతా ఒక రకం అని గీత గీసేస్తుంది. మా ఇంట్లో మాట్లాడి తేల్చుకోవాలనేది మా ఆయన చెల్లెలి మొగుడు, గదిలోకి పోయి తలుపేసుకునేది ఆమె, మరి వాళ్లు ఏ గ్రహం? గాట్‌మన్ ఉండగా ఇది అక్కర్లేదు. లెవిన్, హెలర్ రాసిన 'అటాచ్డ్', 2010, ఇప్పుడు సంబంధంలోకి వస్తున్న కుర్రవాళ్లకు పనికొస్తుంది. మెసేజ్ చూసి జవాబివ్వకపోతే ప్రాణం పోయినట్టు ఎందుకు అనిపిస్తుందో, దగ్గరికి వస్తే ఊపిరాడనట్టు కొందరికి ఎందుకు ఉంటుందో, చక్కగా విడమరిచి చెప్తుంది. చదివాక ప్రతి మనిషికీ ముద్ర వేయడం మొదలుపెట్టకండి, అదొక్కటే జాగ్రత్త.

ఒక్కటి మాత్రం పుస్తకాలన్నీ పక్కన పెట్టి చెప్తాను. ఇంట్లో చేయి లేస్తుంటే గాట్‌మన్ కాదు, ఏ పుస్తకమూ కాదు, ముందు 181 నంబర్‌కు ఫోన్ చేయండి, ఆడవాళ్ల హెల్ప్‌లైన్ అది. భయం ఉన్న ఇంట్లో ఎలా మాట్లాడితే బాగుంటుందన్న సలహా దెబ్బలు తినేవాళ్ల మీదే బరువు వేస్తుంది. అలాంటి స్నేహితురాలికి నేను ఒకప్పుడు ఓర్పు గురించిన పుస్తకం ఇచ్చాను. ఇవ్వకుండా ఉండాల్సింది.

కొనేటప్పుడు ఒక మాట. పాత తెలుగు నవలలు సెకండ్ హ్యాండ్‌లో తీసుకుంటే చివరి పేజీలు ఉన్నాయో లేదో అక్కడే తిప్పి చూసుకోండి, అద్దె లైబ్రరీల నుంచి వచ్చిన కాపీల్లో చాలాసార్లు ఆఖరి కాగితాలే చిరిగి ఉంటాయి. గాట్‌మన్ పుస్తకం కొత్తదే కొనండి, అందులో ఇద్దరూ పెన్నుతో నింపాల్సిన ప్రశ్నలు చాలా ఉంటాయి, ఇంకెవరో తమ కాపురం గురించి రాసుకున్న జవాబుల మీద మనం రాయలేం.

మా అక్క కూతురికి చివరికి స్వీట్ హోం ఇచ్చాను, ఒక్కటే అంది కాబట్టి ఒక్కటే. గాట్‌మన్ పెళ్లికొడుక్కి ఇచ్చాను, అత్తామామల చోట కాగితం ముక్క పెట్టి మరీ. పెళ్లయ్యాకే ఇవి చదవాలన్న నా మాట నేనే తప్పాను, నిజమే, ఆ అబ్బాయి నలుగురు అక్కచెల్లెళ్ల మధ్య పెరిగాడు, వాళ్లమ్మకు ఒక్కడే కొడుకు, ఆలస్యం చేయడానికి నాకు మనసు ఒప్పలేదు. అతను చెన్నైలో ఉద్యోగం, సప్తగిరి ఎక్స్‌ప్రెస్‌లో పోతూ తెరిచాడంట, రేణిగుంట దాటకముందే మా పిల్లకు ఫోన్ చేసి, "ఏంది, మీ చిన్నమ్మకు నా మీద అప్పుడే అనుమానమా?" అన్నాడంట. "చదివి మాట్లాడు" అందంట ఇది. అరక్కోణం దగ్గర మళ్లీ చేశాడంట.